అడవి తెర: కాన్రాడ్ ఆఫ్రికాపై అచెబె అభియోగం

పోటీ పరీక్షలకు తయారవుతున్న తెలుగు విద్యార్థిని ‘చీకటి ఖండం అని దేన్ని అంటారు?’ అని అడిగితే తడుముకోకుండా ‘ఆఫ్రికా’ అని జవాబు చెబుతాడు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఈ ప్రశ్న ఎప్పటినుంచో ఉంది, ఇంకా పోలేదు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరి కళ్లకు ఆ ఖండం చీకటిగా కనిపించింది అన్న ప్రశ్నలు మాత్రం ఆ పుస్తకాల్లో ఉండవు. ఈ పేరుకు అంత ప్రచారం తెచ్చిపెట్టినవాడు హెన్రీ మోర్టన్ స్టాన్లీ. ఆయన 1878లో ప్రచురించిన యాత్రాగ్రంథం పేరు ‘త్రూ ది డార్క్ కాంటినెంట్’, 1890లో ప్రచురించినదాని పేరు ‘ఇన్ డార్కెస్ట్ ఆఫ్రికా’. ఈ రెండు పుస్తకాలకూ నడుమ ఆయన బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ కొలువులో చేరి, కాంగో నది వెంబడి ఊళ్ల పెద్దల చేత ఒప్పంద పత్రాల మీద గుర్తులు పెట్టించి, వాళ్ల నేలను రాజు మనుషుల పేరిట రాయించే పని చేశాడు. పేరు పెట్టినవాడూ పత్రాలు రాయించినవాడూ ఒక్కడే అయినప్పుడు ఆ పేరును ఉత్త వర్ణనగా తీసుకోవడం కష్టం.

ఆఫ్రికా గురించి యూరప్ రాసుకున్న సాహిత్యాన్ని వలసానంతర విమర్శ, అంటే వలస పాలన అనుభవించిన సమాజాల వైపు నుంచి సాహిత్యాన్ని చదివే పద్ధతి, నిలదీసింది సరిగ్గా ఈ చోటే. వర్ణనకూ ఆక్రమణకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని అది బయటపెట్టింది. ఆ విమర్శ పరిధి చాలా పెద్దది కాబట్టి, దాన్ని అర్థం చేసుకోవడానికి ఒకే ఒక్క తగాదాను దగ్గరగా చూడటం మేలు. జోసెఫ్ కాన్రాడ్ నవలిక ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ మీద నైజీరియా నవలాకారుడు చినువా అచెబె 1975లో మోపిన అభియోగమే ఆ తగాదా. యాభై ఏళ్లు దాటినా అది తెగలేదు. తెగకపోవడానికి కారణం ఇరుపక్షాలలో ఒకటి మూర్ఖంగా ఉండటం కాదు. రెండు పక్షాలూ చాలాకాలం రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ వచ్చాయి.

కాన్రాడ్ ఇంగ్లీషువాడు కాడు. 1857లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఉండి ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న బెర్డీచివ్ పట్టణంలో, పోలిష్ కుటుంబంలో పుట్టాడు. పోలండ్ స్వాతంత్ర్యం కోసం పనిచేసిన తండ్రిని రష్యా ప్రభుత్వం ప్రవాసానికి పంపితే, పసివాడు కూడా ఆ చలిప్రాంతానికి వెళ్లవలసి వచ్చింది. పోలిష్, ఫ్రెంచి భాషల తరువాత మూడోదిగా నేర్చిన ఇంగ్లీషులోనే ఆయన రచయిత అయ్యాడు. అంతకుముందు నావికుడిగా పనిచేస్తూ, 1890లో ఒక బెల్జియన్ కంపెనీ కొలువు మీద కాంగో వెళ్లాడు. యూరప్ రాజ్యాలు ఆఫ్రికా పంపకాల కోసం కూర్చున్న 1884-85 బెర్లిన్ సమావేశం నాటి బేరసారాల్లో ఆ దేశమంతా లియోపోల్డ్ సొంత ఆస్తిగా మారిపోయింది. ఏనుగు దంతాల కోసం, ఆ తరువాత రబ్బరు కోసం అక్కడి జనాన్ని వెట్టికి తోలి, కొరడాలతో కొట్టి, చేతులు నరికిన పాలన 1908 వరకూ సాగింది. సామ్రాజ్యం కింద నలిగిన దేశంలో పుట్టిన మనిషి మరో సామ్రాజ్యపు పడవలో జీతానికి కుదిరి ఆ దోపిడీని కళ్లారా చూశాడన్నమాట. 1899లో ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో మూడు భాగాలుగా, 1902లో పుస్తకంగా వెలువడిన ఆయన నవలిక ఆ అనుభవంలోంచి పుట్టింది.

కథ చిన్నదే. థేమ్స్ నది మీద లంగరు వేసిన ఒక పడవలో మార్లో అనే నావికుడు, పేరు లేని మరో కథకుడితో సహా నలుగురు మిత్రులకు తన పాత ప్రయాణం చెబుతాడు. ఒక పెద్ద నది మీద ఎగువకు పోయి, దంతాలు పోగుచేయడంలో సాటిలేనివాడని పేరుపడ్డ కర్ట్జ్ అనే ఏజెంటును వెనక్కి తీసుకురావడం అతని పని. నాగరికత ప్రచారం కోసం వెళ్లిన కర్ట్జ్ అక్కడ దేవుడి అవతారం ఎత్తి, ఇంటి ముందు గుంజలకు మనుషుల తలలు గుచ్చి, అనాగరిక ఆచారాల నిర్మూలన గురించి తాను రాసిన ఉదాత్తమైన నివేదిక అడుగున ఈ పశువులందరినీ మట్టుబెట్టండి అని చేతిరాతతో గిలికి ఉంటాడు. నవలిక మొత్తంలో కాంగో అన్న పేరు ఎక్కడా రాదు.

వలస పాలన మీద ఈ పుస్తకం విసిరిన ఎత్తిపొడుపులు సామాన్యమైనవి కావు. భూమిని జయించడమంటే చాలావరకు మనకంటే వేరు రంగు ఉన్నవాళ్ల దగ్గర, కాస్త చప్పిడి ముక్కులు ఉన్నవాళ్ల దగ్గర దాన్ని లాక్కోవడమేనని మార్లో మొదట్లోనే అంటాడు. ఎవరూ కనిపించని అడవిలోకి గుండ్లు పేలుస్తున్న ఫ్రెంచి యుద్ధనౌక, గొలుసులు వేసుకుని నడిచే కూలీల వరస, పనికిరాకుండా పోయాక చెట్ల నీడన చావడానికి వదిలేసిన నల్లని శరీరాలు, ఇవన్నీ చదివినవారికి మరపుకు రానివి. పడవ నౌకర్లకు వారం కూలి తొమ్మిదేసి అంగుళాల ఇత్తడి తీగ ముక్కలు మూడు. వాటితో తిండి కొనుక్కోమంటారు, కొనడానికి మాత్రం దారిలో ఏమీ దొరకదు. లియోపోల్డ్ పాలనపై ప్రపంచాన్ని కదిలించిన ఇ.డి. మోరెల్, ఈ అంశం మీద ఇంత శక్తిమంతమైన రచన మరొకటి రాలేదని 1909లో రాశాడు. కాన్రాడ్ పక్షాన వాదించేవారి చేతిలో ఉన్న ప్రధాన సాక్ష్యం ఇది, దీన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు.

అచెబె 1930లో, ఇగ్బో ప్రాంతంలోని ఒగిడి గ్రామంలో, క్రైస్తవ ప్రచారకుడి ఇంట పుట్టాడు. చిన్నప్పుడు ఆఫ్రికా సాహస నవలలు చదువుతూ తాను తెల్లవాళ్ల పక్షాన ఉండి ఆటవికుల మీద కోపగించుకునేవాడినని, మార్లో పడవలో తన చోటు లేదని, ఒడ్డున వికారంగా గంతులేస్తున్న ఆ గుంపులోనే తాను ఉన్నానని పెద్దయ్యాకే తెలిసిందని ఆయన చెప్పుకున్నాడు. ఇబాదాన్ కళాశాలలో చదివే రోజుల్లో, నైజీరియాలో వలస అధికారిగా పనిచేసిన జాయిస్ కేరీ నవల ‘మిస్టర్ జాన్సన్’ వాళ్లకు పాఠ్యపుస్తకం. అందులోని నైజీరియన్ గుమాస్తా జాన్సన్ తెల్లదొర మీద వెర్రి భక్తితో గంతులేసే మనిషి. ఈ పుస్తకంలో తనకు నచ్చిన ఘట్టం ఒక్కటేనని, అది దొర జాన్సన్‌ను కాల్చి చంపే ఘట్టమని తరగతిలో ఒక విద్యార్థి అంటే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు నిర్ఘాంతపోయాడట. మన గురించి ఎవరో రాసిన కథలో మనల్ని మనం గుర్తుపట్టలేకపోవడం, గుర్తుపట్టకపోగా ఆ బొమ్మ చచ్చిపోతే ఊపిరి పీల్చుకోవడం, ఈ అనుభవమే వలసానంతర విమర్శకు విత్తనం. సిద్ధాంతాలు తరువాత వచ్చాయి.

1975 ఫిబ్రవరి 18న మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్‌హర్స్ట్ ప్రాంగణంలో ఇచ్చిన ఉపన్యాసాన్ని అచెబె ఒక చిన్న ముచ్చటతో మొదలుపెట్టాడు. అంతకుముందు ఏడాది ఆకురాలు కాలంలో కార్లు నిలిపే చోటుకు నడుస్తుండగా ఒక పెద్దమనిషి కలిసి, ఏం పాఠం చెబుతారని అడిగి, ఆఫ్రికన్ సాహిత్యమని విని, ఆఫ్రికాకు అలాంటిది ఉంటుందని తానెప్పుడూ అనుకోలేదని ఆశ్చర్యపోయాడు. న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్ నుంచి బడిపిల్లలు రాసిన ఉత్తరాల్లో, ఒక పిల్లవాడు అచెబె నవల చదివి ఒక ఆఫ్రికన్ తెగ ఆచారాలు, మూఢనమ్మకాలు తెలుసుకోగలిగానని సంతోషపడ్డాడు. యాంకర్స్‌లో బతికే తనవాళ్లకు కూడా వింత ఆచారాలు ఉంటాయన్న ఊహ ఆ పిల్లవాడికి రాలేదు. వాడిది అజ్ఞానం అనుకుని అచెబె అక్కడితో ఆగలేదు. ఇంత విరివిగా దొరికే అజ్ఞానం ఊరికే ఉండదు, దాని వెనక ఒక అవసరం ఉంటుంది అన్నాడు. తన నాగరికత మీద తనకే పూర్తి నమ్మకం లేని యూరప్‌కు, తాను ఏది కాదో చూపించుకోవడానికి ఎదురుగా ఒక ఆఫ్రికా కావలసి వచ్చింది. ఆ అవసరాన్ని అత్యంత నైపుణ్యంతో తీర్చిన రచనగా ఆయన కాన్రాడ్ నవలికను ఎంచుకున్నాడు. చవకబారు రచయితను ఎంచుకుంటే వాదం సులువయ్యేది, కానీ ఉపయోగం ఉండేది కాదు.

అచెబె అభియోగంలో మొదటిది, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది, నేపథ్యం గురించినది. సురభి నాటకాలు చూసినవారికి ఈ వాదన వెంటనే అర్థమవుతుంది. దర్బారు తెర దించితే రాజసభ, అడవి తెర దించితే అరణ్యం. తెర ఎంత అందంగా రాసినా దాని మీది చెట్లకూ జంతువులకూ కథలో సంభాషణ ఉండదు, కష్టసుఖాలు ఉండవు. అవి ముందు నిలబడ్డ నటుడి మనోస్థితికి రంగు పులమడానికే ఉంటాయి. కాన్రాడ్ ఒక ఖండాన్నీ అందులోని మనుషులనూ ఒక యూరోపియన్ మనసు ముక్కలవడానికి కావలసిన అడవి తెరగా వాడుకున్నాడన్నదే అచెబె ఫిర్యాదు. కర్ట్జ్ పతనం చూపించడానికి ఇంతమంది మనుషులను మనుషులు కాకుండా చేయవలసిన పని ఏమిటి అని ఆయన అడిగాడు. ఈ ప్రశ్నకు కాన్రాడ్ లియోపోల్డ్‌ను తిట్టాడు కదా అన్నది జవాబు కాదు. దొంగను తిట్టడం వేరు, ఇంటివాడికి మాట్లాడే చోటు ఇవ్వడం వేరు. ఒకే పుస్తకం మొదటిది చేస్తూ రెండోది చేయకపోవచ్చు. తగాదా ముడి అంతా ఇక్కడ పడింది.

మాట గురించిన రెండో ఆరోపణ దీనికి అనుబంధమే. నవలిక పొడవునా ఆఫ్రికన్లు అరుస్తారు, మూలుగుతారు, గొణుగుతారు, గుంపుగా ఊగుతారు. వాళ్లకు భాష ఉన్నట్టు మార్లో చెవికి తోచదు. వాళ్ల నోట అర్థమయ్యే ఇంగ్లీషు పలికించినవి చెప్పుకోదగ్గ సందర్భాలు రెండే. మొదటిసారి, ఒడ్డున ఉన్నవాళ్లను పట్టి తమకిమ్మని అడిగిన పడవ నౌకరు ఏం చేస్తారని అడిగితే ‘తింటాం’ అంటాడు. రెండోసారి ఒక కుర్రాడు గుమ్మంలో తల పెట్టి కర్ట్జ్ చచ్చిపోయాడని చెబుతాడు. ఒకటి నరమాంస భక్షణకు ఒప్పుకోలు, మరొకటి దొర చావు కబురు. కర్ట్జ్‌ను ప్రేమించిన ఇద్దరు స్త్రీలను పక్కపక్కన పెట్టినా ఇదే తేడా. నది ఒడ్డున నిలబడ్డ ఆఫ్రికన్ స్త్రీ నగలతో, భయంకరమైన అందంతో వర్ణనగా మిగిలిపోతుంది. యూరప్‌లో శోకవస్త్రాలు ధరించిన, కర్ట్జ్‌తో పెళ్లి నిశ్చయమైన అమ్మాయికి మాత్రం మాటలు, కన్నీళ్లు, విశ్వాసం అనే గుణం, చివరికి ఒక అబద్ధంతో కాపాడదగిన మనసు కూడా దొరుకుతాయి.

శైలి సంగతి కూడా ఇందులోదే. వర్ణించడానికి వీలులేనిది, అంతుపట్టనిది, ఊహకందనిది వంటి విశేషణాలను కాన్రాడ్ అదేపనిగా కుమ్మరిస్తాడని ఇంగ్లీషు విమర్శకుడు ఎఫ్.ఆర్. లీవిస్ చాలాముందే గుర్తించాడు. లీవిస్ దాన్ని శిల్పదోషంగా చూశాడు. అచెబె దృష్టిలో అది నిజాయితీకి సంబంధించిన విషయం. ఎదుట ఉన్న మనిషి ఏం చేస్తున్నాడో చూసి రాయకుండా పొగమంచు కమ్మించి, పాఠకుడికి అలవాటైన భయాన్ని మీటితే చాలన్న పద్ధతి అది.

ఇక బంధుత్వం మాట. పడవ చుక్కాని పట్టే నల్లజాతి మనిషి బల్లెం దెబ్బకు చనిపోతూ మార్లో వైపు చూసిన చూపు ఏదో దూరపు చుట్టరికాన్ని చెప్పుకుంటున్నట్టు ఉందని నవలిక అంటుంది. ఒడ్డున గంతులేసేవాళ్లు కూడా మనుషులే కావచ్చునన్న అనుమానమే మార్లోను ఎక్కువగా కలవరపెడుతుంది. దీన్ని ఉదారత అని మెచ్చుకున్నవారున్నారు. ఉదారతే, కానీ దూరపు చుట్టరికం దగ్గర ఆగిపోయే ఉదారత అని అచెబె జవాబు. ఆఫ్రికన్ తన సోదరుడే గానీ తమ్ముడు అన్న, ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపిన యూరోపియన్ వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ మాటను ఆయన ఇక్కడ గుర్తుచేశాడు. అన్నగారి పెద్దరికం ఎలాంటిదో మన ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉపన్యాసంలో కాన్రాడ్‌ను జాత్యహంకారి అనడానికి అచెబె మొదట తిట్టుకు దగ్గరగా ఉండే విశేషణం వాడాడు. తరువాత ముద్రణలో దాన్ని తీసి, ఆమూలాగ్రం జాత్యహంకారి అనే అర్థం వచ్చేలా మార్చాడు. కోపం తగ్గిందని కాదు, తిట్టుగా కొట్టిపారేయడానికి వీలు లేకుండా మాటను బిగించాడని నేననుకుంటాను.

ప్రతివాదాలలో మొదటిది కథనశిల్పం మీద ఆధారపడినది. ఆ మాటలు మార్లోవి, కాన్రాడ్‌వి కావు. పైగా మార్లో మాటలను మరో కథకుడు మనకు చెబుతున్నాడు. ఇన్ని పొరల మధ్య రచయిత అభిప్రాయం ఇదీ అని తేల్చడం పొరపాటు. పాత్ర మాటను రచయితకు అంటగట్టకూడదన్న ఈ సూత్రం మంచిదే. అయితే వ్యంగ్యం ఉండాలంటే, పాత్ర చూపుకు ఎదురుగా మరో చూపు ఉందని పుస్తకంలో ఎక్కడో ఒకచోట సూచన ఉండాలి. అటువంటి ప్రత్యామ్నాయ ప్రమాణం ఈ నవలికలో ఎక్కడా కనిపించదని అచెబె అన్నాడు. లండన్ కూడా ఒకప్పుడు చీకటి చోటేనని మార్లో అనడం, చివర థేమ్స్ నదే చీకటి గుండెలోకి పారుతున్నట్టు చూపడం ఆ సూచనలే కదా అని కాన్రాడ్ అభిమానులు అడుగుతారు. ఆ వాక్యాలు యూరప్ గర్వాన్ని దించేది నిజమే. కానీ దించడానికి వాడిన కొలబద్ద ఏది? యూరప్ కూడా లోలోపల ఆఫ్రికాలాంటిదే అని. అంటే ఆఫ్రికా అధమస్థాయి గుర్తుగా అక్కడే ఉండిపోయింది.

రెండో ప్రతివాదం మనకు బాగా పరిచయమైనది. ఆయన కాలం అలాంటిది, 1899 మనిషిని 1975 తూకంరాళ్లతో తూచడం అన్యాయం అంటారు. ఈ వాదన నిలుస్తుందో లేదో చూడటానికి అదే నది మీదికి, అదే సంవత్సరానికి వెళ్లవచ్చు. 1890 జూలై 18 తేదీతో, కాంగో ఎగువన ఉన్న స్టాన్లీ ఫాల్స్ నుంచి జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రకారుడు లియోపోల్డ్‌కు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఒప్పందాల పేరిట జరిగిన మోసాల గురించి, గొలుసులు, కాల్పులు, బానిసత్వం గురించి అందులో 12 అభియోగాలు ఉన్నాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా విదేశాంగ మంత్రికి రాస్తూ ఆయన వాడిన మాట మానవజాతి పట్ల నేరాలు. కాన్రాడ్ పనిచేసిన ఆవిరిపడవ ‘రువా దే బెల్జ్’ స్టాన్లీ ఫాల్స్ చేరింది 1890 సెప్టెంబరు 1న, విలియమ్స్ లేఖ రాసిన ఆరు వారాలకు. ఇద్దరి కాలమూ ఒక్కటే, నది కూడా ఒక్కటే. ఒకరు అక్కడివాళ్లను సాక్షులుగా చూశారు, మరొకరు నీడలుగా చూశారు.

విలియమ్స్ నల్లజాతివాడు కాబట్టి అనుకుంటే, రోజర్ కేస్‌మెంట్ ఉన్నాడు. ఈ ఐరిష్ మనిషి 1890 జూన్‌లో మటాడి రేవులో కాన్రాడ్‌తో కలిసి ఉన్నాడు, ఆయనతో పరిచయాన్ని కాన్రాడ్ తన డైరీలో ఆనందంగా రాసుకున్నాడు. 1903లో బ్రిటిష్ కాన్సల్ హోదాలో కాంగో లోపలికి వెళ్లి, చేతులు తెగినవాళ్లతోనూ ఊళ్లు వదిలి పారిపోయినవాళ్లతోనూ కూర్చుని, ఏం జరిగిందని అడిగి, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. 1904లో ఆ నివేదిక అచ్చయినప్పుడు విదేశాంగ కార్యాలయం మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ తీసేసి వాటి చోట అక్షరాలు పెట్టింది, దానికి కేస్‌మెంట్ మండిపడ్డాడు. నవలికలో లేని కాంగో ప్రజల గొంతు, పొడి పొడి సర్కారీ భాషలో రాసిన నివేదికలో వినిపించడం సాహిత్యాభిమానులకు కొంచెం ఇబ్బంది కలిగించే విషయమే.

కాన్రాడ్ సొంత డైరీ కూడా ఆయనకు వ్యతిరేక సాక్ష్యమే. మటాడి నుంచి కిన్షాసా వైపు కాలినడకన వెళుతూ రాసుకున్న ఆ పుటల్లో ఊళ్ల పేర్లున్నాయి, అంగళ్లున్నాయి, దూరాలున్నాయి. తలకు తుపాకి గాయమైన 13 ఏళ్ల కుర్రాణ్ణి ఒక ఊరి పెద్ద తీసుకొస్తే తాను కాస్త గ్లిజరిన్ ఇచ్చిన ముచ్చట ఉంది. నది ప్రయాణంలో నిజానికి దారి పొడవునా స్టేషన్లు ఉండేవని, ఇతర ఆవిరిపడవలు ఎదురయ్యేవని నార్మన్ షెర్రీ 1971 నాటి తన పరిశోధనలో వివరంగా చూపాడు. నవలికలో ఆ నది నిర్జనమైన ఆదిమకాలపు దారి అయింది. అంటే ఆ ఖాళీతనం ఆయన చూసింది కాదు, ఆయన చేసింది. కళాకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది, కాదనలేం. ఆ స్వేచ్ఛతో ఆయన దేన్ని ఎత్తి పక్కన పెట్టాడన్నదే విమర్శకుడి ప్రశ్న. అదే కాంగో తీరాన్ని ఏలిన ఆఫ్రికన్ రాజు మొదటి అఫోన్సో 1526లోనే బానిస వ్యాపారం తన రాజ్యాన్ని ఖాళీ చేస్తోందని పోర్చుగల్ రాజుకు పోర్చుగీసు భాషలో ఉత్తరాలు రాశాడు. మాట లేని జనం అన్న కల్పన నిలవాలంటే ఇలాంటి కాగితాలను మరిచిపోవాలి.

అచెబె తప్పులు లేనివాడని నేను అనను. కాన్రాడ్ ఉత్తరాల్లోంచి, జ్ఞాపకాల్లోంచి నల్లజాతివారి పట్ల ఆయనకున్న మానసిక వికారాన్ని నిరూపించబోయిన భాగం వాదాన్ని బలపరచకపోగా పక్కదారి పట్టించింది. అందువల్లనే చాలామంది ఈ తగాదాను కాన్రాడ్ మంచివాడా చెడ్డవాడా అన్న పంచాయితీగా మార్చేశారు. మార్లో, కాన్రాడ్‌ల మధ్య దూరాన్ని కూడా ఆయన కాస్త తొందరగా దాటేశాడు. జాంబియాలో ఇంగ్లీషు బోధించిన సి.పి. శర్వన్ 1980లో, కాన్రాడ్ తన కాలపు అంటు పూర్తిగా తగలనివాడు కాడని, అయినా దాన్ని వదిలించుకోవడంలో చాలామందికంటే ముందున్నాడని తేల్చాడు. గయానా నవలాకారుడు విల్సన్ హారిస్ 1981లో, కాన్రాడ్ ఒక సరిహద్దు దాకా వచ్చి దాన్ని దాటలేకపోయాడని, అక్కడిదాకా రావడం కూడా చిన్న విషయం కాదని అన్నాడు. వీరిద్దరూ తెల్లవారు కారన్నది గమనించాలి. చర్మం రంగును బట్టి పక్షాలు ఏర్పడిన తగాదా కాదిది.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన జవాబు ఎడ్వర్డ్ సయీద్‌ది. తూర్పు దేశాల గురించి పడమర పోగేసిన జ్ఞానం అధికారానికి ఎలా కాలూచేయీ అయిందో 1978లో చూపించిన ఈ పాలస్తీనా విమర్శకుడు, తన పరిశోధన మొదలుపెట్టిందే కాన్రాడ్ మీద. 1993లో ఆయన చెప్పినదాని సారాంశం ఇది: సామ్రాజ్యం అంటే నేలను కొల్లగొట్టడమేనని కాన్రాడ్ స్పష్టంగా చూశాడు, కానీ అది అంతం కావాలని, అక్కడివాళ్లు స్వతంత్రంగా బతకగలరని ఊహించలేకపోయాడు. ఆయన చీకటి అని పిలిచినది నిజానికి ఎదురుతిరుగుతున్న యూరపేతర ప్రపంచం. ఈ చూపుతో నవలికను మళ్లీ చదివితే, ఒడ్డు నుంచి బాణాలు వేసే గుంపు అర్థంలేని ఆవేశంగా కాక, తమ నదిలోకి చొరబడ్డ పడవను ఆపుతున్న మనుషులుగా కనిపిస్తుంది. పుస్తకం మారలేదు, మనం నిలబడ్డ ఒడ్డు మారింది.

ఈ బొమ్మ కాన్రాడ్‌తో పుట్టలేదు, ఆయనతో పోలేదు. నాలుగు శతాబ్దాల బ్రిటిష్ రచనలను పరిశీలించిన డొరొతీ హేమండ్, ఆల్టా జాబ్లో 1970లో, బానిస వ్యాపారం పెరిగి దాన్ని సమర్థించుకోవలసిన అవసరం పడిన కొద్దీ ఆఫ్రికన్ల వర్ణన మరింత హీనంగా మారిందని చూపించారు. తరువాతి వ్యాసాల్లో అచెబె ఈ పరిశోధన మీద బాగా ఆధారపడ్డాడు. జర్మన్ తత్వవేత్త హెగెల్ తన చరిత్ర ఉపన్యాసాల్లో ఆఫ్రికాకు చరిత్రే లేదని తీర్పు చెప్పాడు. 1963లో కూడా ఆక్స్‌ఫర్డ్ చరిత్రాచార్యుడు హ్యూ ట్రెవర్-రోపర్, ఆఫ్రికాలో ఉన్నది యూరోపియన్ల చరిత్ర మాత్రమేనని, మిగిలిందంతా చీకటని, చీకటి చరిత్రకు విషయం కాదని అనగలిగాడు. చప్పిడి ముక్కుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట: మార్లో ఆ వాక్యం పలికిన దశాబ్దంలోనే మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ మన ప్రాంతాల కులాల, తెగల మనుషుల ముక్కులను కొలపరికరాలతో కొలుస్తున్నాడు. ఆయన ఏడు సంపుటాల గ్రంథం 1909లో వచ్చింది, మన కులాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ దాన్ని ఉటంకిస్తుంటారు.

తరువాతి విమర్శకులు ఇదే ప్రశ్నను ఇతర పుస్తకాలకు వేశారు. కెన్యాలో కాఫీ తోట నడిపిన కారెన్ బ్లిక్సెన్ 1937లో రాసిన ‘ఔట్ ఆఫ్ ఆఫ్రికా’ ఆప్యాయతతో నిండిన పుస్తకమని లోకం మెచ్చుకుంటే, తన వంటవాణ్ణి నాగరిక కుక్కతో పోల్చే ఆ ఆప్యాయతే ప్రమాదకరమని కెన్యా రచయిత గూగీ వా థియాంగో తీవ్రంగా విమర్శించాడు. బెల్జియం కామిక్ ‘టిన్‌టిన్’ కాంగో కథలో (1930-31) టిన్‌టిన్ ఆఫ్రికన్ పిల్లలకు మీ మాతృదేశం బెల్జియం గురించి చెబుతానని పాఠం మొదలుపెడతాడు. 1946లో దాన్ని తిరిగి గీసినప్పుడు ఆ కామిక్ చిత్రకారుడు హెర్జే ఆ పాఠం చెరిపేసి రెండూ రెండూ ఎంత అన్న లెక్క పెట్టాడు. నల్లబల్ల మీది పాఠం మారింది, పిల్లల బొమ్మలు అలాగే ఉన్నాయి.

అచెబె ఈ నవలికను నిషేధించమని అనలేదు. చదవండి, పక్కనే ఆఫ్రికన్ల పుస్తకాలూ చదవండి అనే చివరిదాకా అన్నాడు. 1988 నాటి నార్టన్ విద్యార్థి ప్రతిలో నవలికతో పాటు ఆయన వ్యాసం కూడా చేర్చారు కాబట్టి, ఇప్పుడు చాలామందికి అభియోగమూ అభియుక్తుడూ ఒకే అట్టల మధ్య దొరుకుతున్నారు. లీడ్స్‌లో పెరిగిన కరీబియన్ రచయిత కారిల్ ఫిలిప్స్, కాన్రాడ్ పక్షాన వాదించడానికి 2003 ప్రాంతంలో అచెబె ఇంటికి వెళ్లాడు. తాను ఆఫ్రికన్‌ను కాకపోవడం వల్లే ఆ నవలికను అంత నిశ్చింతగా మెచ్చుకోగలిగానేమోనన్న ఎరుకతో తిరిగొచ్చి, ఆ సంగతి దాచకుండా రాశాడు. విమర్శ వల్ల జరగగలిగిన మార్పుకు ఇంతకన్నా నిజాయితీ గల ఉదాహరణ నాకు దొరకలేదు.

పక్కన పెట్టి చదవదగిన పుస్తకాలకు కొదవ లేదు. సూడాన్ రచయిత తయీబ్ సాలిహ్ 1966లో అరబ్బీలో రాసిన ‘సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ది నార్త్’ ప్రయాణాన్ని తిరగేసి, ఆఫ్రికా నుంచి లండన్‌కు మనిషిని పంపుతుంది. జైల్లో ఉండగా గూగీ గికుయు భాషలో రాసిన నవలను, జైల్లో ఉండగానే వరవరరావు ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగులోకి తెచ్చారు. అచెబె మొదటి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ తెలుగులో ‘చెదిరిన సమాజం’గా వచ్చింది. ఉపన్యాసానికి 17 ఏళ్ల ముందే, 1958లో, అచెబె వాదమంతా ఆ నవల చివరి పుటలో ఉంది. ఒకాంక్వో అనే మనిషి పంటలు, భార్యలు, బిడ్డలు, కోపం, భయం, పరువు, పతనం అన్నీ పుస్తకమంతా మనం చూసిన తరువాత, ఉరి వేసుకున్న అతని శవం దగ్గరికి జిల్లా కమిషనర్ వస్తాడు. తాను రాయబోయే పుస్తకంలో ఈ సంగతి బాగుంటుందని, ఒక అధ్యాయం రాయవచ్చునని, అంత కాకపోయినా ఒక మోస్తరు పేరా అయినా రాయవచ్చునని అనుకుంటాడు. మిగతా వివరాలు చాలా ఉన్నాయి కాబట్టి కత్తిరించక తప్పదు. ఆ పుస్తకానికి బాగా ఆలోచించి పేరు కూడా పెట్టుకున్నాడు: ‘దిగువ నైజర్ ఆటవిక తెగలను శాంతింపజేసిన వైనం.’